ఆపిన ప్రతి బండికీ ఒక రికార్డు ఉండాలి: రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు ఉన్నతాధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పోలీసు డైరెక్టర్ జనరల్ గార్లకు, హోం శాఖ, రవాణా శాఖ ముఖ్య కార్యదర్శులకు,

నమస్కారం.

ట్రాఫిక్ కేసులు వాదించే న్యాయవాదులం, ఆటో, క్యాబ్, లారీ డ్రైవర్ల సంఘాల తరఫున స్టేషన్ల చుట్టూ, ఆర్టీఓ ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాం. మీ సిబ్బంది రోడ్డు మీద ఆపిన ప్రతి బండి గురించీ ఎక్కడో ఒకచోట రాత ఉండాలి: ఎవరు ఆపారు, ఏ సమయానికి, ఏ కారణంతో, ఏం తీసుకున్నారు. ఇది మేము కొత్తగా కోరుతున్నది కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ దాన్ని సవరించి 2020 అక్టోబర్ 1 నుంచి అమలులోకి తెచ్చినప్పుడే, పత్రాలు తనిఖీ చేసిన తేదీ, సమయం, తనిఖీ చేసిన అధికారి గుర్తింపు పోర్టల్‌లో నమోదు కావాలని రాశారు. ఒకసారి చూసిన బండిని మళ్లీ మళ్లీ ఆపి డ్రైవర్లను వేధించకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు అని కేంద్ర రవాణా శాఖ అప్పుడే వివరించింది. విశాఖలో చూపించిన కాగితాలనే తునిలో, రాజమండ్రిలో, ఏలూరులో మళ్లీ మళ్లీ చూపించుకుంటూ వచ్చే లారీ డ్రైవర్‌ను ఒక్కసారి అడగండి, ఆ నమోదు ఏ మాత్రం జరుగుతోందో తెలుస్తుంది.

రోడ్డు మీద పోలీసుకు మూడు వేర్వేరు అధికారాలున్నాయి. బండి ఆపి కాగితాలు అడగడం ఒకటి. బండినో మనిషినో వెతకడం రెండోది. బండినో, లైసెన్సునో, మనిషినో పట్టి ఉంచడం మూడోది. ఒక్కోదానికి వేరే చట్టం, వేరే షరతు, వేరే కాగితం. బారికేడ్ దగ్గర మాత్రం మూడూ కలిసిపోతున్నాయి. హెల్మెట్ లేదని ఆపిన కుర్రాడితో స్కూటీ సీటు లేపిస్తారు, పాత చలానాలున్నాయని తాళం తీసుకుంటారు, ఆఖరికి ఫోన్ లాక్ తీయమంటారు. హెల్మెట్ అడిగే అధికారం ఉంది కాబట్టి మిగతావీ చేయవచ్చన్న నమ్మకం సిబ్బందిలో పాతుకుపోయింది. గొడవలు అక్కడే పుడుతున్నాయి.

కాగితాలతో మొదలుపెడదాం. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా డ్రైవర్ లైసెన్స్ చూపించి తీరాలి. ఇందులో వాదనకు చోటు లేదు. యూనిఫాం అన్న షరతు మాత్రం చట్టంలోనే ఉంది. మఫ్టీలో వచ్చి, లాఠీ పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడి లైసెన్స్ అడిగే పద్ధతికి ఈ సెక్షన్ అండ లేదు. ఇక ఏ రూపంలో చూపించాలన్నది 2018 నాటికే తేలిపోయింది. ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్‌లో, ఎంపరివాహన్‌లో ఉన్న లైసెన్స్, ఆర్సీ అసలు పత్రాలతో సమానమని ఆ ఏడాది ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది, నవంబర్‌లో 139వ నిబంధననే మార్చింది. 2020 సవరణ ఇంకో అడుగు వేసి, ఎలక్ట్రానిక్‌గా వివరాలు సరిచూసుకోగలిగినప్పుడు అసలు కార్డు అడగకూడదని చెప్పింది. అయినా "ఫోన్‌లో చూపిస్తే చెల్లదు, ఒరిజినల్ తీయ్" అనే మాట ఇప్పటికీ వినిపిస్తోంది.

డ్రైవర్లు చేసే పొరపాటు కూడా ఇక్కడే ఉంది. ఫోన్ గ్యాలరీలో ఉన్న ఆర్సీ ఫోటో డిజిటల్ పత్రం కాదు. డిజిలాకర్‌లోకి మనమే ఎక్కించుకున్న స్కాన్ కాపీకీ ఆ విలువ లేదు. రవాణా శాఖ జారీ చేసినట్టు యాప్‌లో వచ్చే పత్రానికే చట్టబద్ధత. సిగ్నల్ లేని చోట యాప్ తెరుచుకోక ఇబ్బంది పడేవాళ్లు చాలామంది, అందుకే బయలుదేరే ముందే తెరిచి పెట్టుకోవాలి. ఇది చూపించడానికి ఫోన్‌ను పోలీసు చేతికి ఇవ్వాల్సిన పని లేదు. స్క్రీన్ కనిపించేలా పట్టుకుంటే చాలు. బండి నంబరు కొట్టి మీ సిబ్బంది తమ మిషన్‌లోనే వివరాలు చూసుకోవచ్చు.

లైసెన్స్ లేకపోవడం వేరు, ఉన్న లైసెన్స్ ఆ క్షణాన దగ్గర లేకపోవడం వేరు. మొదటిది సెక్షన్ 181, జరిమానా 5,000 రూపాయలు, మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. రెండోది సెక్షన్ 177 కిందికి వచ్చే చిన్న తప్పు, మొదటిసారి 500 రూపాయల దాకా. పర్సు ఇంట్లో మరిచిపోయిన మనిషికి 181 రాస్తే పది రెట్ల బరువు పడుతుంది. లైసెన్స్ నంబరు కొడితే అది ఉందో లేదో అర నిమిషంలో తేలే రోజుల్లో ఈ తేడా చూడకుండా రాయడం అన్యాయం. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పర్మిట్ వంటివి రవాణా శాఖ అధికారి అడిగిన సమయానికి దగ్గర లేకపోతే, 15 రోజుల్లోగా ధ్రువీకరించిన నకళ్లు స్వయంగా గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ అందజేయవచ్చని సెక్షన్ 130లోనే ఉంది. ఈ 15 రోజుల సంగతి ఎంతమంది డ్రైవర్లకు తెలుసు? తనిఖీ చేసేవాళ్లు చెబితేనే కదా తెలిసేది.

ఇప్పుడు తాళం చెవి. దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ప్రాణం పోయే ప్రమాదం ఉన్నది ఈ అలవాటులోనే. డ్రైవర్ చేతిలోంచి తాళం లాక్కోవచ్చని చెప్పే సెక్షన్ మోటారు వాహనాల చట్టంలో ఒక్కటి కూడా లేదు. 206 పత్రాల గురించి, 207 బండిని స్వాధీనం చేసుకోవడం గురించి మాట్లాడతాయి, ఆ పని కారణంతో, పద్ధతి ప్రకారం జరగాలి. కిటికీలోంచి చేయి పెట్టి తాళం తిప్పేయడం ఆ పద్ధతి కాదు. కారు ఇంకా కదులుతుండగా ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. బ్రేకుకు ఇంజిన్ ఇచ్చే సాయం ఒకటి రెండు తొక్కుళ్లకే అయిపోతుంది. తాళం పూర్తిగా బయటికి వస్తే స్టీరింగ్ లాక్ పడవచ్చు. రాత్రిపూట మోటార్‌సైకిల్ తాళం తీస్తే హెడ్‌లైట్, వెనక లైటు, ఇండికేటర్ అన్నీ ఒకేసారి ఆరిపోతాయి, వెనక వచ్చే లారీకి ఆ బండి కనపడదు. పారిపోతాడన్న అనుమానం ఉంటే నంబరు ఉంది, కెమెరా ఉంది, తర్వాతి పాయింట్‌కు వైర్‌లెస్ ఉంది. కదిలే బండి హ్యాండిల్ పట్టుకోవడం, పరిగెత్తి చొక్కా లాగడం, టైరు ముందు లాఠీ వేయడం మీ కానిస్టేబుళ్లకూ అంతే ప్రమాదం. దీన్ని నిషేధిస్తూ రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. నోటిమాటగా చెప్పిన సూచనలు షిఫ్టు మారేసరికి గాలికి పోతాయి.

స్వాధీనం విషయంలో చట్టం చాలా స్పష్టంగా ఉంది. లైసెన్స్ లేకుండా లేదా వయసు చాలకుండా నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, అవసరమైన పర్మిట్ లేకపోవడం లేదా పర్మిట్‌లోని రూటు, ప్రాంతం, ప్రయోజనం షరతులు మీరడం: సెక్షన్ 207 కింద బండిని ఆపి ఉంచడానికి ఇవే కారణాలు. లైసెన్స్, వయసు, పర్మిట్ కారణాలైతే బండికి బదులు ఆర్సీ తీసుకుని రసీదు ఇచ్చి పంపవచ్చని కూడా అదే సెక్షన్ అధికారికి వెసులుబాటు ఇచ్చింది. హెల్మెట్ ఆ జాబితాలో లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ లేదు. పాత చలానాల బకాయి లేదు. అయినా మిషన్‌లో నంబరు కొట్టగానే బకాయి కనిపించడం, "మొత్తం కట్టు, అప్పుడే బండి" అనడం మామూలైపోయింది. చలానా అంటే ఆరోపణ. ఒప్పుకుని కాంపౌండింగ్ కింద, అంటే కోర్టుకు వెళ్లకుండా జరిమానా కట్టి కేసు ముగించుకోవడం ఒక దారి, ఒప్పుకోకుండా కోర్టులో తేల్చుకోవడం రెండో దారి. సెక్షన్ 200 కాంపౌండింగ్‌కు అవకాశం ఇచ్చిందే తప్ప బలవంతం చేయలేదు. పైగా జరిమానాతో మాత్రమే ముగిసే నేరాలకు బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 514 ఆరు నెలల గడువు పెట్టింది. ఆ గడువు దాటితే, ఆలస్యానికి తగిన కారణం ఉంటే తప్ప కోర్టు కూడా కేసు చేపట్టలేదు. కోర్టే తీసుకోలేని నాలుగేళ్ల నాటి చలానాను ఎర్రటి ఎండలో రోడ్డు పక్కన నిలబెట్టి వసూలు చేయడం ఏ న్యాయమో మాకు అర్థం కావడం లేదు.

బస్తీల్లో జరిగే కార్డన్ సెర్చ్ ఇంతకన్నా దారుణం. తెల్లవారుజామున గల్లీ చుట్టుముట్టి, ఇంటి ముందు స్టాండ్ వేసి ఉన్న బైకులకు కాగితాలు అడిగి, వెంటనే చూపించలేని వాటిని వ్యానుల్లో ఎక్కిస్తారు. మర్నాడు "కాగితాలు లేని ఇన్ని వాహనాలు స్వాధీనం" అని పత్రికా ప్రకటన వస్తుంది. నిద్రలోంచి లేచిన మనిషి ఆర్సీ వెతుక్కోవడానికి పట్టే సమయం కూడా ఇవ్వకుండా బండిని కాగితాలు లేనిదిగా రాసేయడం 207లోని "నమ్మడానికి కారణం" అన్న షరతుకు నిలవదు. రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఆన్‌లైన్‌లో కనిపిస్తూనే ఉంటుంది కదా.

లైసెన్స్ తీసుకుంటే సెక్షన్ 206 కింద తాత్కాలిక రసీదు ఇవ్వడం తప్పనిసరి. రసీదులోనూ రెండు రకాలున్నాయి. సమన్లకు దొరకడన్న అనుమానంతో తీసుకుంటే, ఆ రసీదు మీద గడువు దాకా బండి నడపవచ్చు. 2019 సవరణతో చేరిన నాలుగో ఉపసెక్షన్ కింద, అంటే అతివేగం, ప్రమాదకర డ్రైవింగ్, తాగి నడపడం, హెల్మెట్ లేకపోవడం లాంటి వాటికి తీసుకుంటే, రసీదు ఉన్నా నడపకూడదు. ఈ తేడా డ్రైవర్‌కు ఎవరూ చెప్పరు. రసీదు జేబులో ఉందన్న ధైర్యంతో మర్నాడు ఆటో తీసి మళ్లీ దొరికిపోతాడు. ఏ ఉపసెక్షనో, నడపవచ్చో లేదో రసీదు మీద తెలుగులో ఒక్క వాక్యం రాస్తే సరిపోయే సమస్య ఇది.

బండిని స్టేషన్‌కు తరలించినప్పుడు ఇచ్చే కాగితంలో ఏం ఉండాలో కూడా చెబుతాం: సెక్షన్ నంబరు, అధికారి పేరు, హోదా, ఓడోమీటర్ రీడింగ్, ఇంధనం ఎంత ఉంది, బ్యాటరీ, స్టెప్నీ, టూల్స్ ఉన్నాయా, అప్పటికే ఉన్న గీతలు, సొట్టలు, బండిలోని సామాన్ల జాబితా, నాలుగు వైపులా ఫోటోలు. ఇవి లేకపోవడం వల్లే విడుదల రోజున బ్యాటరీ మాయమైందని యజమాని, అసలు లేనే లేదని స్టేషన్ గొడవ పడుతుంటారు. 207 కింద ఆపిన బండి కోసం యజమాని పత్రాలతో రవాణా శాఖ అధికారికి గానీ ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారికి గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. క్రిమినల్ కేసులో పట్టుబడినదైతే కోర్టులో మధ్యంతర విడుదల అడగాలి. స్టేషన్ ఆవరణల్లో బండ్లు నెలల తరబడి పడి ఉండటం వల్ల ఎవరికీ ఉపయోగం లేదని, ఫోటోలు తీసి, పంచనామా రాసి, పూచీకత్తు తీసుకుని త్వరగా ఇచ్చేయాలని సుప్రీంకోర్టు సుందర్‌భాయి అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే చెప్పింది. 15 రోజుల నుంచి నెలకు మించి ఉంచకూడదన్నది ఆ తీర్పు సారం. మీ స్టేషన్ల ప్రహరీల పక్కన తుప్పు పడుతున్న బండ్లు ఆ తీర్పు ఎంతవరకు అమలవుతోందో చెబుతున్నాయి.

ఇక సోదా. డిక్కీ తెరిపించే అధికారం ట్రాఫిక్ పోలీసుకు మోటారు వాహనాల చట్టం నుంచి రాదు. అది క్రిమినల్ ప్రొసీజర్ నుంచి గానీ, మత్తుమందులు, మద్యం, ఆయుధాల వంటి ప్రత్యేక చట్టాల నుంచి గానీ రావాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నిర్వచనాల ప్రకారం వాహనం కూడా సోదాకు "స్థలం" కిందికే వస్తుంది. కాబట్టి సెక్షన్ 185 షరతులు దానికీ వర్తిస్తాయి: స్టేషన్ ఇన్‌చార్జి గానీ దర్యాప్తు అధికారి గానీ అయి ఉండాలి, ఒక నేరం దర్యాప్తుకు అవసరమైన ఫలానా వస్తువు అక్కడ దొరుకుతుందని నమ్మడానికి సహేతుక కారణం ఉండాలి, ఆ కారణాన్ని, వెతికే వస్తువును ముందుగా రాసుకోవాలి, ఆ రాత నకలు 48 గంటల్లోగా మేజిస్ట్రేట్‌కు వెళ్లాలి. సెక్షన్ 103 ప్రకారం ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు కావాలి. దొరికినవాటి జాబితా మీద వాళ్లు సంతకం చేయాలి, నకలు బండి యజమానికి ఇవ్వాలి. సెక్షన్ 105 కొత్తగా చేర్చింది ఇంకా ముఖ్యం: సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి, మొబైల్‌తో తీసినా సరే, ఆ వీడియోను ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. అంటే దర్యాప్తు కోసం చేసే కారు సోదాకు వీడియో లేకపోతే, కొత్త చట్టం అడిగిన మొదటి పనే జరగలేదన్నమాట.

"ఒకసారి డిక్కీ తెరవండి సార్" అని మర్యాదగా అడిగినప్పుడు తెరిస్తే అది సమ్మతి అవుతుంది. తెరవనంటే అదొక్కటే అనుమానానికి కారణం కాకూడదు. ఏ నేరం గురించి, ఏ సమాచారంతో వెతుకుతున్నారని అడిగే హక్కు డ్రైవర్‌కు ఉంది. ఆ ప్రశ్నకు జవాబివ్వడానికి మీ ఎస్సై సిద్ధంగా ఉండాలి. జవాబు ఉన్నచోట వివాదం రాదు, ఇది మా అనుభవం.

మన్యం నుంచి దిగే ఘాట్ రోడ్ల మీద, హైవేల మీద గంజాయి తనిఖీలు అవసరమే, ఆ విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు. మత్తుమందుల నిరోధానికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 49 అనుమానం ఉన్న వాహనాన్ని ఆపి వెతికే అధికారం ఇచ్చింది. కానీ ఆ అధికారం సెక్షన్ 42 కింద అధికారమున్నవారికే, అంటే కానిస్టేబుల్ కన్నా పై హోదా ఉండాలి. అందిన సమాచారాన్ని రాసుకోవాలి, 72 గంటల్లోగా పై అధికారికి పంపాలి. మనిషి ఒంటి మీద వెతికేటప్పుడు సెక్షన్ 50 వస్తుంది: గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేట్ ముందు గానీ సోదా కోరే హక్కు ఉందని అతనికి చెప్పి తీరాలి. 1999లో బల్‌దేవ్ సింగ్ కేసులో, 2010లో విజయ్‌సింహ్ జడేజా కేసులో రాజ్యాంగ ధర్మాసనాలు ఈ మాటే చెప్పాయి. బ్యాగుకు, బండికి ఈ సెక్షన్ వర్తించదు, డ్రైవర్లు ఇక్కడ పొరబడుతుంటారు. స్త్రీని స్త్రీ మాత్రమే తనిఖీ చేయాలి. ఈ షరతులు నిందితుల కోసమే పెట్టినవని సిబ్బంది అనుకుంటే 2021 నాటి బూటా సింగ్ తీర్పు చదివించండి. రోడ్డు మీద నిలిపిన ప్రైవేటు జీపు ఎన్‌డీపీఎస్ చట్టం చెప్పే బహిరంగ స్థలం కిందికి రాదని, సెక్షన్ 42 అసలు పాటించలేదని సుప్రీంకోర్టు నిందితులను విడిచిపెట్టింది. అరగంట రాత పని మిగుల్చుకోబోతే కేసే చేజారిపోతుంది.

ఫోన్ సంగతి వేరేగా చెప్పాలి. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో రోడ్డు మీద వెళ్లేవాళ్లను ఆపి, గంజాయి పేరుతో వాట్సాప్ సందేశాలు వెతుకుతున్న వీడియోలు బయటికి వచ్చాయి. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పిన దేశంలో, కేసు లేకుండా, రాతపూర్వక కారణం లేకుండా ఒక మనిషి ఫోన్ తెరిపించి చదవడానికి ఏ సెక్షనూ దారి ఇవ్వదు. లైసెన్స్ చూపించడానికి తెరిచిన ఫోన్‌ను చేతిలోకి తీసుకుని గ్యాలరీలోకి వెళ్లడమూ అంతే. దీనికి మినహాయింపులు వెతకవద్దని కోరుతున్నాం.

ఎన్నికల వేళ నగదు తనిఖీలు మరో తలనొప్పి. ఎన్నికల సంఘం పద్ధతి ప్రకారం స్టాటిక్ సర్వైలెన్స్ బృందంలో, అంటే ఒకేచోట కాపు వేసి తనిఖీ చేసే బృందంలో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉండాలి, తనిఖీ వీడియో తీయాలి, పట్టుకున్న డబ్బుకు రసీదు ఇవ్వాలి. 50,000 రూపాయలకు మించిన నగదు పట్టుకోవాలన్న లెక్క అభ్యర్థి, ఏజెంటు, పార్టీ కార్యకర్త ఉన్న వాహనాల కోసం పెట్టింది. ఆచరణలో అది పెళ్లికి బంగారం కొనబోయేవాళ్ల మీద, పత్తి అమ్ముకుని వచ్చే రైతు మీద పడుతోంది. డబ్బు తిరిగి ఇప్పించడానికి జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది, ఆ కమిటీకి ఎక్కడ అప్పీలు చేయాలో రసీదు మీదే ఉండాలి. బ్యాంకు నుంచి తీసిన స్లిప్పు, మార్కెట్ యార్డు తక్‌పట్టీ, పెళ్లి పత్రిక వంటివి వెంట ఉంచుకోమని ప్రజలకు చెబుతున్నాం. వాటిని చూడమని మీ బృందాలకు మీరు చెప్పండి.

తాగి నడపడం మీద మేము ఎవరినీ వెనకేసుకురాం. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద నేరం, మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ. అనుమానించడానికి కారణం ఉండి ఊదమన్నప్పుడు ఊదననడం వల్ల లాభం లేదు, సెక్షన్ 203 కింద అరెస్టు చేయవచ్చు. అయితే పరీక్ష సరిగా జరగాలి. ప్రతి మనిషికీ కొత్త మౌత్‌పీస్ కళ్లముందే విప్పి పెట్టాలి, ఊదేముందు మిషన్ సున్నా చూపిస్తోందని చూపించాలి, కాలిబ్రేషన్ తేదీ అడిగితే చెప్పాలి, తేదీ, సమయం, మిషన్ నంబరుతో ప్రింటు తీసి నకలు ఇవ్వాలి. మౌత్‌వాష్, ఆల్కహాల్ కలిసిన దగ్గు మందు నోట్లో ఆనవాలు మిగుల్చుతాయి, అది కొద్ది నిమిషాల్లో పోతుంది. డ్రైవర్ ఆ మాట చెబితే 15 నిమిషాలు ఆగి రెండోసారి ఊదించడం వల్ల మీకు పోయేదేమీ లేదు. 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టర్ పరీక్ష జరగాలి, జరగకపోతే వదిలేయాలి, సెక్షన్ 202లో ఉన్న షరతు ఇది.

పట్టుబడ్డాక బండి ఏమవ్వాలో తెలంగాణ హైకోర్టు 2021 నవంబర్‌లో చెప్పింది. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని జప్తు చేసే అధికారం పోలీసుకు లేదు. పక్కన తాగని, లైసెన్స్ ఉన్న మనిషి ఉంటే అతనికి అప్పగించాలి. లేకపోతే బంధువులకో స్నేహితులకో కబురు చేయాలి. ఎవరూ రాకపోతేనే స్టేషన్‌కు తీసుకెళ్లి, ఆర్సీ, గుర్తింపు చూపినవారికి ఇచ్చేయాలి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు కూడా ఇదే పద్ధతిని ఉత్తర్వుగా తీసుకోవడానికి అడ్డేముంది?

లారీ డ్రైవర్ల గురించి రెండు మాటలు. ఓవర్‌లోడ్ అన్న అనుమానంతో కాటాకు పంపాలంటే సెక్షన్ 114 ప్రకారం ఆ కాటా బండి ముందుకు వెళ్లే దారిలో ఏదైనా చోటు నుంచి 10 కిలోమీటర్లలోపు గానీ, గమ్యానికి 20 కిలోమీటర్లలోపు గానీ ఉండాలి. వెనక్కి 40 కిలోమీటర్లు తిప్పడం ఆ పరిధిలోకి రాదు. తూకానికి ఆగనంటే మాత్రం 40,000 రూపాయల జరిమానా ఉంది, ఆ ధైర్యం చేయవద్దని డ్రైవర్లకు చెబుతూనే ఉన్నాం. ఈ-వే బిల్లుతో, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రంతో వెళ్లే సరుకును జీఎస్టీ అధికారులు 30 నిమిషాలకు మించి ఆపితే రవాణాదారు పోర్టల్‌లో ఆ వివరం ఎక్కించవచ్చు. ఇలాంటి గడియారం పోలీసు ఆపివేతకూ ఉండాలన్నదే మా కోరిక.

కెమెరా చలానాల విషయంలో 2021 ఆగస్టులో చేరిన 167ఎ నిబంధన చాలు. పరికరానికి ఏటా పునరుద్ధరించే ఆమోద పత్రం ఉండాలి, నోటీసు 15 రోజుల్లోగా వెళ్లాలి, అందులో నేరం, నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫోటో, తేదీ, సమయం, స్థలం, సెక్షన్ ఉండాలి. చెట్టు చాటు నుంచి కానిస్టేబుల్ సొంత ఫోన్‌తో తీసిన వెనక చక్రం ఫోటోకు ఈ హంగులేవీ ఉండవు.

రోడ్డు మీద విధుల్లో ఉన్న పోలీసును దూరంగా నిలబడి వీడియో తీయడం నేరమని చెప్పే చట్టం లేదు. మీద పడటం, పని చేసుకోనివ్వకపోవడం, చేయి చేసుకోవడం నేరాలు, ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 221, 132 సెక్షన్లు అందుకే ఉన్నాయి. ఫోన్ ఎత్తినంత మాత్రాన ఈ సెక్షన్లు పెట్టడం ఆపాలి. స్టేషన్‌కు తీసుకెళ్లిన తర్వాత జరిగినదానికి సీసీ కెమెరాల రికార్డు ఉండాలని, దాన్ని కనీసం ఏడాది భద్రపరచాలని 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అరెస్టయితే కారణం తెలుసుకోవడం, ఇంట్లోవాళ్లకు కబురు, లాయర్‌ను కలవడం, 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరు అన్న హక్కులు ట్రాఫిక్ కేసుకూ ఉంటాయి. లాయర్‌కు డబ్బులేనివారికి ఉచిత న్యాయ సహాయం కోసం 15100 ఫోన్ నంబరు ఉంది.

డ్రైవర్ సోదరులకు, అక్కచెల్లెళ్లకు కూడా ఇక్కడే చెబుతున్నాం. ఆపమన్నప్పుడు ఎడమవైపు సురక్షితంగా ఆపండి, రాత్రయితే లోపలి లైటు వేయండి, చేతులు కనిపించనివ్వండి. పేరు, చిరునామా అడిగితే చెప్పండి, చెప్పకపోతే అదే అరెస్టుకు కారణం అవుతుంది. హక్కు ఉందని అరిచి గొడవ పడొద్దు, సెక్షన్ ఏమిటో, అధికారి పేరేమిటో అడిగి రాసుకోండి. చూడని కాగితం మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. అభ్యంతరం ఉంటే సంతకం కిందే ఆ మాట రాయండి.

అధికారులకు మా అభ్యర్థన ఇది. పైన చెప్పినదంతా ఒక్క పేజీ ఉత్తర్వుగా తెలుగులో, తెలంగాణలో ఉర్దూలో కూడా జారీ చేయండి. దాన్ని బారికేడ్ మీద బోర్డుగా పెట్టండి: ఆపే అధికారం ఎవరికుంది, ఏ కాగితాలు ఏ రూపంలో చూపాలి, తాళం తీయకూడదు, ఫోన్ అడగకూడదు, సోదాకు వీడియో తప్పనిసరి. చలానా కాంపౌండ్ చేసే అధికారం ఏ హోదా నుంచి మొదలవుతుందో జిల్లాల వారీగా మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. బండి ఆపగానే మిషన్‌లో నంబరు ఎలాగూ కొడతారు కాబట్టి, అదే మిషన్ నుంచి డ్రైవర్ ఫోన్‌కు ఒక సందేశం వెళ్లేలా చేయండి: ఆపిన చోటు, సమయం, అధికారి నంబరు, కారణం, చలానా రాయకపోతే రాయలేదని. ముందు హైదరాబాద్‌లో ఒక జోన్‌లో, విజయవాడలో ఒక డివిజన్‌లో మూడు నెలలు నడిపి చూడండి. సందేశం పాఠం, రసీదుల నమూనా, బోర్డు మీద రాయాల్సిన వాక్యాలు మేమే తెలుగులో తయారుచేసి ఇస్తాం. కానిస్టేబుళ్ల శిక్షణ తరగతులకు ఎప్పుడు పిలిచినా వచ్చి, ఏ ఫీజూ లేకుండా సెక్షన్ల వారీగా చెబుతాం.

ఇట్లు,
ట్రాఫిక్ కేసులు చూసే న్యాయవాదులు, డ్రైవర్ల సంఘాల ప్రతినిధులు